డాన్స్‌లో డిగ్రీ చదువుతానంటున్న అమ్మాయికి ఏమని చెప్పాలి?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మేము ఇరవై ఏళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్నాం. మా వారూ నేనూ ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. మా పెద్దమ్మాయి ఇక్కడే పుట్టింది. ఆరో ఏట నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. కిందటి వేసవిలో రంగప్రవేశం కూడా చేశాం. ఇప్పుడు పన్నెండో తరగతి. లెక్కల్లోనూ సైన్సులోనూ మంచి మార్కులే వస్తాయి కాబట్టి కంప్యూటర్ సైన్స్ చదువుతుందనే అనుకున్నాం. నెల కిందట మసాచుసెట్స్‌లో, అన్ని రకాల చదువులూ కలిపి నేర్పే ఒక చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీ చూసి వచ్చింది. అక్కడ డాన్స్ ప్రధాన విషయంగా బి.ఏ. చదువుతానంటోంది. "పదకొండేళ్ళు నేర్పించాం కదా, ఇంకా నాలుగేళ్ళు ఏం నేర్చుకుంటావు?" అని వాళ్ళ నాన్న అడిగితే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. వారం రోజులుగా తండ్రీకూతుళ్ళకు మాటల్లేవు. డాన్స్‌లో డిగ్రీ అంటే అసలు ఏముంటుంది? అది తిండి పెడుతుందా? మేము ఒప్పుకోవాలా, వద్దా?

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా మంచి ప్రశ్న మీ వారు అడిగిందే. కోపంగా అడిగి ఉంటారు, అందుకే అమ్మాయి తలుపు వేసుకుంది. కానీ పదకొండేళ్ళు నేర్చుకున్నాక ఇంకా నాలుగేళ్ళు ఏం నేర్చుకుంటుందన్నది నిజంగా తేల్చుకోవలసిన విషయం. అది తేలితే ఒప్పుకోవాలా వద్దా అన్నది కూడా చాలావరకు తేలిపోతుంది. తిండి సంగతి దాటవేయను, తరవాత చెబుతాను.

ముప్పై ఏళ్ళుగా కూచిపూడి నేర్పుతున్నదాన్ని, ముందుగా నా అభిప్రాయం. కూచిపూడి ఇప్పటికన్నా బాగా చేయడం కోసమే మీ అమ్మాయి ఆ కాలేజీకి వెళ్ళాలనుకుంటుంటే పంపకండి. అది అక్కడ దొరకదు. గురువు దగ్గర దొరుకుతుంది, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో దొరుకుతుంది, కూచిపూడి గ్రామంలోని సిద్ధేంద్రయోగి కళాపీఠంలో దొరుకుతుంది. అలా కాక, ఈ కదలికలు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎవరు కూర్చారు, వీటితో నేను సొంతంగా ఏమైనా చెప్పగలనా అన్న ప్రశ్నలు ఆమెలో మొదలై ఉంటే మాత్రం ఆ కాలేజీ ఆమెకు తగిన చోటే. అప్పుడు పంపండి. డబ్బు దగ్గర ఒక షరతు ఉంది, అది కూడా చెబుతాను.

మీ వారికి ఒక సంగతి చెప్పండి, కొంత ఊరట కలుగుతుంది. లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో సాధారణంగా సీటు ఇచ్చేది కాలేజీలో, ఒక శాఖలో కాదు. ప్రధాన విషయం ఏదన్నది రెండో సంవత్సరం చివరిదాకా ప్రకటించనక్కర్లేదు. ఇలాంటి చాలా కాలేజీల్లో నాలుగేళ్ళకూ కలిపి 32 కోర్సులు, అంటే టర్ముకు నాలుగు. ఒక ప్రధాన విషయానికి పది, పన్నెండు సరిపోతాయి. మిగిలిన ఇరవై కోర్సుల్లో లెక్కలు, జీవశాస్త్రం, చరిత్ర, ఏదైనా చదవవచ్చు. రెండు ప్రధాన విషయాలు కలిపి తీసుకునేవాళ్ళు బోలెడంతమంది. డాన్సూ కంప్యూటర్ సైన్సూ కలిపి చదవడం అక్కడ వింతేమీ కాదు. పదిహేడేళ్ళ పిల్ల ఈ సెప్టెంబరులో బతుకంతా తేల్చేసుకోవాలన్నట్టు మీ ఇంట్లో వాదన జరుగుతోంది. అంత అవసరం లేదు.

కాలేజీలో డాన్స్ ఏమిటన్న అనుమానం మీది ఒక్కరిదే కాదు. నూరేళ్ళ కిందట విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మార్గరెట్ హెచ్‌డౌబ్లర్ అనే ఉపాధ్యాయిని ఉండేది. జీవశాస్త్రం చదివింది, అమ్మాయిలకు బాస్కెట్‌బాల్ నేర్పేది, నాట్యకత్తె కాదు. ఆమె పైచదువుకు న్యూయార్క్ వెళుతుంటే, కాలేజీలో చదివే ఆడపిల్ల తన సమయం వెచ్చించడానికి తగిన నాట్యం ఏదైనా ఉంటే కనిపెట్టి రమ్మని పై అధికారిణి పురమాయించింది. అక్కడ చూసినవేవీ ఆమెకు నచ్చలేదు. 1917లో తిరిగివచ్చి తన పద్ధతి తానే మొదలుపెట్టింది. విద్యార్థినులను నేల మీద పడుకోబెట్టేది. నిలబడాల్సిన బరువు లేకపోతే కీళ్ళు ఎలా కదులుతాయో, వెన్ను ఎలా తిరుగుతుందో వాళ్ళే కనుక్కోవాలి. ఆమె అడుగులు నేర్పలేదు, శరీరాన్ని గమనించడం నేర్పింది. డాన్స్ ప్రధాన విషయంగా అమెరికాలో మొట్టమొదటి డిగ్రీ కోర్సు 1926లో అక్కడే మొదలైంది.

తరవాతి మలుపు వెర్మాంట్‌లోని బెన్నింగ్టన్ కాలేజీలో. 1932లో ఆ కాలేజీ తెరిచినప్పుడే మార్తా హిల్ అనే నాట్య ఉపాధ్యాయిని అక్కడ డాన్స్‌ను మిగతా చదువుల సరసన నిలబెట్టింది. 1934 నుంచి వేసవి పాఠశాల నడిపింది. ఆధునిక నృత్యానికి దారి వేసిన మార్తా గ్రాహం, డోరిస్ హంఫ్రీ, చార్లెస్ వైడ్‌మన్, హాన్యా హోమ్ అక్కడికి వచ్చి పాఠాలు చెప్పారు. అమెరికా ఆధునిక నృత్యం పెరిగింది పెద్ద పెద్ద నాటకశాలల్లో మాత్రమే కాదు, ఇలాంటి కాలేజీల్లో కూడా. అదే మార్తా హిల్ 1951లో న్యూయార్క్‌లోని జూలియార్డ్ అనే కళల పాఠశాలలో డాన్స్ విభాగాన్ని నెలకొల్పింది. ఒకే మనిషి రెండు దారులూ వేసిందన్నమాట. జూలియార్డ్ వంటి చోట ఇచ్చేది బి.ఎఫ్.ఏ., అంటే బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్. అందులో సుమారు మూడింట రెండు వంతుల చదువు నాట్యమే. ఉదయం నుంచి రాత్రి దాకా శరీరానికే శిక్షణ. వృత్తి కళాకారులను తయారుచేయడం దాని పని. మీ అమ్మాయి చూసి వచ్చినది బి.ఏ. అక్కడ నాట్యం ఒక చదువు. ఈ తేడా తెలియక చేరి, మొదటి సంవత్సరమే దిగాలుపడిన పిల్లలను నేను చూశాను.

మరి లోపల ఏముంటుంది? నా శిష్యురాలు ఒకమ్మాయి కొన్నేళ్ళ కిందట కనెక్టికట్‌లో ఇలాంటి కాలేజీలోనే చేరింది. మంచి తాళజ్ఞానం, పళ్ళెం మీద తరంగం చేస్తే చూపు తిప్పుకోలేం. నాట్యరచన తరగతిలో మొదటివారం టీచరు ఒక పని ఇచ్చారట. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా రెండు నిమిషాల్లో వెళ్ళాలి, ఇంతకుముందు నేర్చుకున్న ఏ అడుగూ వాడకూడదు. ఆ రాత్రి నాకు ఫోను చేసి ఏడ్చింది. "కాలు కదిపితే తత్ తై వస్తోంది. చెయ్యి ఎత్తితే పతాక ముద్ర వస్తోంది. చివరికి నడుద్దామన్నా సత్యభామలాగే నడుస్తున్నాను. నాదంటూ ఏమీ లేదా అమ్మా?" అంది. ఏమి చెప్పాలో నాకూ తెలియలేదు. నా దగ్గర పన్నెండేళ్ళు నేర్చుకుంది, ఆ ప్రశ్న నేనెప్పుడూ అడగలేదు. మన పద్ధతిలో అడగం. ముందు గురువు చేసినట్టు చేయాలి, సొంతం అన్నది ఎప్పుడో తరవాత వస్తుంది. అది తప్పని నేను అనను, ఆ కట్టుబాటు వల్లే ఆ పిల్ల వెన్ను అంత నిటారుగా నిలిచింది. కానీ ఆ తరవాత వచ్చేదేదో కొందరికి ఎప్పటికీ రాకుండానే పోతుంది.

నాలుగో సంవత్సరంలో ప్రతి విద్యార్థీ ఒక సొంత రచన చేసి ప్రదర్శించాలి, దాని గురించి పెద్ద వ్యాసం రాయాలి. ఆమె భామాకలాపంలోని జడను తీసుకుంది. సత్యభామ తెర మీదుగా జడ వేసి, తనతో పోటీకి రాగలవారుంటే రమ్మని సవాలు విసరడం మనకు తెలిసిందే. ఈమె వేదిక మీద వీపు మాకు పెట్టి కూర్చుంది. పాట లేదు, మృదంగం లేదు. పన్నెండు అడుగుల నల్లటి గుడ్డను మూడు పాయలుగా చీల్చి, జడగా అల్లుతోంది. గుడ్డ చీలుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది. అల్లడం పూర్తయ్యాక దాన్ని తన జడకు ముడివేసి లేచింది. బరువుకి తల వెనక్కి లాగుతోంది. ఆ లాగుడును మెడతో ఆపుకుంటూ అరమండిలో కూర్చుని మొదటి అడుగు వేసింది. చిన్న హాలు, మూడో వరుసలో నేను. మొదట నాకు మింగుడుపడలేదు, గుడ్డలు చింపడం నాట్యమా అనుకున్నాను. కానీ ఆ మెడను చూస్తుంటే, నేను ముప్పై ఏళ్ళుగా నేర్పుతున్న ఆ నడకలో గర్వం ఎక్కడ పుడుతుందో మొదటిసారి అర్థమైంది. గడ్డం ఎత్తమని పిల్లలకు చెబుతూ వచ్చాను. గడ్డంలో కాదు, వెనక నుంచి లాగే బరువుకు లొంగకపోవడంలో ఉంది. ఇప్పుడు అలాగే నేర్పుతున్నాను.

మీ వారి ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇదే. దీనికి తోడు శరీర నిర్మాణ శాస్త్రం ఉంటుంది, నాట్య చరిత్ర ఉంటుంది, వెలుతురు అమర్చడం, నాట్యాన్ని కెమెరాతో తీయడం ఉంటాయి. మోకాళ్ళ గురించి వాళ్ళు నేర్చుకునేది మన పిల్లలకు ఎంతో అవసరం. సిమెంటు పలక మీద పలచని చెక్క పరిచిన బేస్‌మెంటుల్లో పదేళ్ళు కాలు కొట్టిన పిల్లలు వీళ్ళు. కాలేజీ స్టూడియోలో కింద గాలి ఖాళీ ఉంచి, కొద్దిగా వంగేలా వేసిన చెక్క నేల ఉంటుంది. దాని మీద మొదటిసారి అడుగు వేసినప్పుడు తేడా మడమలకే తెలుస్తుంది.

కష్టమైన సంగతులూ ఉన్నాయి, మీరు తెలుసుకుని ఉండాలి. కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్ అని ఒక తరగతి ఉంటుంది. దాని పుట్టుక కూడా ఒక లిబరల్ ఆర్ట్స్ కాలేజీలోనే. 1972 జనవరిలో ఒహాయోలోని ఓబర్లిన్‌లో స్టీవ్ పాక్స్టన్ అనే నర్తకుడు కొంతమంది కుర్రవాళ్ళతో కుస్తీ చాప మీద పడుతూ, లేస్తూ, ఒకరినొకరు ఢీకొంటూ ఒక ప్రదర్శన చేయించాడు. అందులోంచి పెరిగిన రూపం అది. ఒకరి బరువు ఒకరి మీద వేయాలి, వీపు మీదుగా దొర్లాలి. మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసే చేస్తారు. తెలుగింటి తల్లికి మొదట ఇబ్బందిగానే ఉంటుంది. అది శృంగారం కాదు, బరువు గురించిన పాఠం. ఇష్టం లేకపోతే తాకవద్దని చెప్పే వీలు ఉందా అని ముందే అడగవచ్చు, మీ అమ్మాయిచేత అడిగించండి.

అంతకన్నా లోతైనది చరిత్ర తరగతి. వేదిక మీద మనం వందనం పెట్టి, రెండు వేల ఏళ్ళ సంప్రదాయమని చెప్పి మొదలుపెడతాం. అక్కడ ఆమె, ఆడపిల్లలను గుళ్ళకు అంకితమివ్వడాన్ని నిషేధించిన 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం గురించి చదువుతుంది. మన కళావంతుల కుటుంబాలు తరతరాలుగా కాపాడుకున్న పదాలూ అభినయమూ వాళ్ళ చేతుల్లోంచి ఎలా జారిపోయాయో చదువుతుంది. కూచిపూడిలో శతాబ్దాల పాటు ఆడవేషాలు కూడా మగవారే ఎందుకు కట్టారో, వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామను ఊళ్ళకు ఊళ్ళు ఎందుకు నెత్తిన పెట్టుకున్నాయో, ఆడపిల్లలు ఎప్పుడు, ఎవరి ద్వారా లోపలికి వచ్చారో చదువుతుంది. కులం గురించి చదువుతుంది. ఇంటికి వచ్చి భోజనాల దగ్గర అడుగుతుంది. నా శిష్యురాలు నన్ను అడిగింది, నాకు కోపం వచ్చింది. రెండు రోజుల తరవాత ఆమె ఇచ్చిన పుస్తకం తెరిచాను. అందులో చాలా సంగతులు మాకు ఎవరూ చెప్పలేదు. ఇలాంటి ప్రశ్నలకు మీ ఇంట్లో చోటు ఉండాలి.

వెస్లియన్ అని ఒక విశ్వవిద్యాలయం ఉంది, కనెక్టికట్‌లోని మిడిల్‌టౌన్‌లో. పేరుకు విశ్వవిద్యాలయమే గానీ నడక లిబరల్ ఆర్ట్స్ కాలేజీదే. 1962లో భరతనాట్య కళాకారిణి బాలసరస్వతి అక్కడికి వచ్చి పాఠాలు చెప్పారు. దేవదాసీ వంశంలో, వీణ ధనమ్మాళ్ మనవరాలిగా పుట్టి, క్షేత్రయ్య పదాలకు కూర్చునే అభినయం చేయగలిగిన మనిషి. మన దేశంలో ఆమె కుటుంబాల కళను చిన్నచూపు చూస్తున్న రోజుల్లో ఒక అమెరికా చిన్న కాలేజీ ఆమెను గురువుగా కూర్చోబెట్టింది. ఆమె తమ్ముళ్ళు రంగనాథన్, విశ్వనాథన్ అక్కడే మృదంగం, సంగీతం నేర్పారు. తెలుగు పదం ఆ ఊళ్ళో మోగి అరవై ఏళ్ళు దాటింది. మీ అమ్మాయి ఆ చుట్టుపక్కలకే వెళుతోంది, పరాయిచోటికి కాదు.

ఇక తిండి. నాట్య బృందంలో నెల జీతం మీద బతికే కళాకారులు అమెరికాలో చాలా కొద్దిమంది. కూచిపూడి ప్రదర్శనల మీదే ఇక్కడ ఇల్లు గడపడం అసాధ్యానికి దగ్గర. ఇది మీ అమ్మాయికి చెప్పండి, ఆమెకు ఇప్పటికే తెలిసి ఉంటుంది కూడా. అయితే డాన్స్ బి.ఏ. చదివినవాళ్ళు అందరూ నర్తకులు కారు. కొందరు లైసెన్సు తీసుకుని బడుల్లో టీచర్లవుతారు. కొందరు డాన్స్ థెరపీ వైపు వెళతారు, దానికి పైన మాస్టర్స్ చదవాలి. కళాసంస్థల నిర్వహణలో ఉద్యోగాలున్నాయి. జడ అల్లిన నా శిష్యురాలు శరీర నిర్మాణ పాఠం నచ్చి, సైన్సు కోర్సులు జతచేసుకుని, ఇప్పుడు ఫిజికల్ థెరపీ చదువుతోంది. వారానికి రెండు సాయంత్రాలు చిన్నపిల్లలకు అడుగులు నేర్పుతోంది. ఎదురు ఉదాహరణ కూడా ఉంది. అమెరికా గర్వించే నాట్యరచయిత్రి ట్వైలా థార్ప్ 1963లో బార్నార్డ్ కాలేజీలో పట్టా పుచ్చుకున్నది కళాచరిత్రలో. పట్టా మీద ఏం రాసి ఉందన్నదానికీ మనిషి చేసే పనికీ మనం అనుకున్నంత ముడి ఉండదు. అందుకే నాకు రెండు ప్రధాన విషయాల దారి నచ్చుతుంది. భయపడి కాదు, ఆమెకు లెక్కల్లోనూ మంచి మార్కులు వస్తాయని మీరు రాశారు కాబట్టి.

డబ్బు దగ్గర మాత్రం నేను కఠినంగా ఉంటాను. ఇలాంటి కాలేజీలు చాలావాటిలో చదువు, వసతి, భోజనం కలిపి ప్రకటించే ఖర్చు ఏడాదికి 80,000 డాలర్లు దాటింది. నాలుగేళ్ళకు మూడు లక్షల ఇరవై వేలు. వీటిలో కొన్ని ఆదాయాన్ని బట్టి తప్ప ప్రతిభకు రాయితీ ఇవ్వవు. ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఇంటికి ఆ లెక్కలో పెద్దగా రాకపోవచ్చు. ప్రతి కాలేజీ వెబ్‌సైటులోనూ మీ ఆదాయం వేస్తే నికరంగా ఎంత కట్టాలో చూపే లెక్కపత్రం ఉంటుంది. ఈ వారాంతంలోనే మీరు ముగ్గురూ కూర్చుని అది నింపండి. అమ్మాయి పక్కనే ఉండాలి, అంకెలు ఆమె కళ్ళతో చూడాలి. నా షరతు ఇదీ: మీ పదవీ విరమణ సొమ్ము తీయకూడదు, మీ పేరున అప్పు చేయకూడదు. ఆ లోపల కుదరకపోతే మీ రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయం రట్గర్స్‌లో డాన్స్ విభాగం ఉంది, రాష్ట్రవాసులకు తక్కువ ఫీజు. అక్కడ బి.ఎఫ్.ఏ. ఉంది, బి.ఏ. కూడా ఉంది. అక్కడికి వెళ్ళినా ఆమె కోరిక చిన్నదైపోదు.

మరో జాగ్రత్త. నవంబరులో వేసే ఎర్లీ డెసిషన్ దరఖాస్తు కట్టుబాటుతో కూడినది. సీటు వస్తే సాధారణంగా చేరి తీరాలి, నాలుగు చోట్ల వచ్చిన సాయాన్ని పోల్చుకునే అవకాశం పోతుంది. లెక్క ముందే సరిపోయిందని తేలితే తప్ప జనవరి దరఖాస్తులకే ఆగండి. ఈ ఉత్తరం చదివే ఇతర తల్లిదండ్రులకు కూడా ఒక మాట. పిల్లలు హెచ్-4 మీద, అంటే తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద ఆధారపడిన వీసాతో ఉంటే 21 ఏళ్ళు నిండేసరికి వేరే వీసాకు మారాలి, ఫెడరల్ ఆర్థికసాయం రాదు, ఒక్క డాన్స్ డిగ్రీ మీదే అయితే చదువు అయ్యాక పని చేయడానికి 12 నెలలే దొరుకుతాయి. సైన్సు, ఇంజనీరింగు డిగ్రీలకు వచ్చే అదనపు 24 నెలలు దానికి రావు. మీ అమ్మాయి ఇక్కడే పుట్టింది కాబట్టి ఈ చిక్కు మీకు లేదు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు మసాచుసెట్స్‌లోని ఆ ప్రాంతాన్ని బాగా చూడండి. ఆమ్‌హర్స్ట్, స్మిత్, మౌంట్ హోల్యోక్, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వంటివి కలిసి డాన్స్ శాఖ నడుపుతున్నాయి. ఒకదానిలో చేరిన విద్యార్థి బస్సెక్కి మిగతావాటిలో తరగతులకు వెళ్ళవచ్చు. ఎక్కడికి వెళ్ళినా, దక్షిణాసియా నాట్యం నేర్పే శాశ్వత అధ్యాపకులు ఉన్నారా, లేక ఎప్పుడో ఒక టర్ముకు వచ్చి పోయేవారా అని అడగండి. కూచిపూడిని ప్రపంచ నృత్యాలన్న ఒక్క కోర్సులో రెండు వారాలకు కుదించేస్తే ఆ కాలేజీని నేను పక్కన పెడతాను.

బి.ఏ. కోర్సుల్లో చాలావాటికి ప్రవేశానికి ఆడిషన్ ఉండదు. ఇష్టమైతే వీడియో పంపవచ్చు. రంగప్రవేశం వీడియో పంపకండి. నగలు, రంగు దీపాలు, మూడు కెమెరాల మధ్య కోసి అతికిన దృశ్యాలు వాళ్ళకు ఉపయోగపడవు. మామూలు సాధన దుస్తుల్లో, ఒకే చోట నిలిపిన కెమెరాతో, తల నుంచి పాదం దాకా కనిపించేలా తీయండి. ఏది గురువుగారి కూర్పో, ఏది తన సొంతమో స్పష్టంగా రాయాలి.

ఆ సొంతమన్నది ఉందో లేదో ముందు ఇంట్లోనే చూసుకోండి. ఆమె గది తలుపు మీ వారే తట్టాలి. వచ్చే ఆదివారం సాయంత్రం హాల్లో సోఫా పక్కకు జరిపి, ఏ గురువూ నేర్పని మూడు నిమిషాలు చేసి చూపించమని అడగాలి. బాగుందా లేదా అని చెప్పవద్దు. చేసిన తరవాత ఒక్క ప్రశ్న అడిగి, అడ్డు రాకుండా వినాలి: ఇక్కడ ఈ చెయ్యి ఇలా ఎందుకు పెట్టావమ్మా? ఆమె "అందంగా ఉంటుందని" అని ఊరుకుంటే రట్గర్స్ ఫారాలూ కంప్యూటర్ సైన్సూ ముందుకు తీసుకోండి, నాట్యం ఆమెతోనే ఉంటుంది. అలా కాక అరగంట చెబుతూనే ఉండి, మధ్యలో లేచి "కాదు నాన్నా, ఇలా" అని మళ్ళీ చేసి చూపిస్తే, ఆ రాత్రే ఆమె పక్కన కూర్చుని మసాచుసెట్స్ దరఖాస్తు తెరవండి.